దుకాణం నుంచి డివిజన్‌కు: వరంగల్‌లో కార్పొరేటర్‌గా నిలబడాలనుకునే వ్యాపారి ముందే తెలుసుకోవాల్సినవి

కార్పొరేషన్ ఎన్నికల మాట మొదలైందంటే చాలు, పోచమ్మమైదాన్ నుంచి కాజీపేట దాకా ప్రతి డివిజన్‌లో ఒకరిద్దరు దుకాణదారుల పేర్లు వినపడతాయి. కిరాణం సేటు, మెడికల్ షాపాయన, హార్డ్‌వేర్ దుకాణమన్న, టెంట్‌హౌజ్ నడిపే తమ్ముడు. పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదింటి దాకా గల్లీలో కళ్ల ముందు కనపడేది వాళ్లే. ఎవరింట్లో పెళ్లి, ఎవరింట్లో రోగం, ఎవరికి జీతం ఆలస్యమైంది అన్న సంగతి ఉద్దెర ఖాతా చూస్తేనే తెలిసిపోతుంది. ఆ పరిచయం రాజకీయాల్లో చాలా విలువైనది. ఉత్తర తెలంగాణలో వ్యాపారం నుంచి వచ్చి పెద్ద పదవులకు వెళ్లినవాళ్లు ఉన్నారు. కరీంనగర్‌లో గ్రానైట్ వ్యాపారం చేసిన గంగుల కమలాకర్ రాజకీయ జీవితం మున్సిపల్ కౌన్సిల్‌లోనే మొదలైంది, తర్వాత ఎమ్మెల్యే, మంత్రి అయ్యారు. గ్రానైట్ వ్యాపారంలోనే ఉన్న వద్దిరాజు రవిచంద్ర 2018లో వరంగల్ తూర్పు నుంచి పోటీ చేసి ఓడిపోయి, తర్వాత రాజ్యసభకు వెళ్లారు.

ఇక్కడ చెప్పదలుచుకున్నది అంత పెద్ద స్థాయి గురించి కాదు. గల్లీ దుకాణం నడిపే మనిషి డివిజన్ కోసం నిలబడితే ఏమేం చూసుకోవాలి, గెలిచాక పని ఎట్లా నడుస్తుంది అన్నదే విషయం. మంచి వ్యాపారులు కూడా ఎక్కువగా దెబ్బతినేది ఒకే కారణం వల్ల: దుకాణంలో తన మాటే చెల్లుతుంది, కార్పొరేషన్‌లో ఫైలు కదలాలి. ఆ తేడా గెలిచాక నేర్చుకుందామంటే రెండేళ్లు వృథా అవుతాయి.

ముందు ఓట్ల లెక్క

2021 ఏప్రిల్ 30న జరిగిన గ్రేటర్ వరంగల్ ఎన్నికలనే తీసుకుందాం. 66 డివిజన్లు, ఆరున్నర లక్షల మంది ఓటర్లు. డివిజన్‌కు సగటున పదివేల ఓట్లు. పోలింగ్‌కు వచ్చింది దాదాపు సగం మంది. అంటే డివిజన్‌లో పడేవి అయిదు వేల చిల్లర ఓట్లు. వాటిని ఏడెనిమిది మంది అభ్యర్థులు పంచుకుంటారు. గట్టి పోటీ ఇద్దరు ముగ్గురి మధ్యే ఉంటుంది కాబట్టి రెండు వేలు దాటినవాళ్లు గెలుపు దగ్గరికి వచ్చినట్టే. ఆ ఎన్నికల్లో టీఆర్ఎస్ 48, బీజేపీ 10, కాంగ్రెస్ 4 గెలిస్తే మిగతావాళ్లంతా కలిపి నలుగురే. పార్టీ గుర్తు లేకుండా గెలవడం ఎంత కష్టమో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

రెండు వేల ఓట్లే కదా, నా దుకాణానికి రోజూ అయిదు వందల మంది వస్తారు అనుకోవడం దగ్గరే మొదటి పొరపాటు జరుగుతుంది. గిరాకీ వేరు, ఓటరు వేరు. స్టేషన్ రోడ్డులోనో, వరంగల్ చౌరస్తాలోనో బట్టల దుకాణం ఉంటే వచ్చేవాళ్లలో సగం మంది నర్సంపేట, పరకాల, వర్ధన్నపేట వైపు ఊళ్లవాళ్లు. ఎనుమాముల మార్కెట్ దగ్గర దుకాణమైతే మిర్చి, పత్తి తెచ్చిన రైతులే గిరాకీ. వాళ్లెవరికీ మీ డివిజన్‌లో ఓటు లేదు. గల్లీ కిరాణానికి కూడా రోడ్డు అవతలి వరుస వేరే డివిజన్‌లో ఉండొచ్చు. అందుకని మొట్టమొదట చేయాల్సిన పని డివిజన్ సరిహద్దు పటం తెచ్చుకుని, ఆ గీత వెంట కాలినడకన తిరగడం. ఏ ఇంటి నంబరు దగ్గర డివిజన్ మొదలై ఎక్కడ ఆగుతుందో చేత్తో రాసుకోవాలి.

తర్వాత పోలింగ్ కేంద్రాల వారీగా ఓటరు జాబితా. ఒక్కో కేంద్రంలో ఏడెనిమిది వందల ఓట్లుంటాయి, డివిజన్‌కు పదమూడు కేంద్రాల దాకా వస్తాయి. జాబితాను గల్లీల వారీగా విడగొట్టి, ప్రతి ఇంటి పక్కన మూడు గుర్తుల్లో ఒకటి పెట్టాలి: ఇక్కడే ఉంటున్నారు, ఇల్లు మారారు, చనిపోయారు. పట్టణ జాబితాల్లో ఈ రెండో రకం చాలా ఎక్కువ. కిరాయి ఇళ్లవాళ్లు హనుమకొండలో ఓటు ఉంచుకుని రంగశాయిపేటలో ఉంటారు. కార్పొరేషన్ జాబితాను అసెంబ్లీ జాబితా నుంచే తయారు చేస్తారు. కాబట్టి కొత్త ఓటుకు ఫారం 6, చిరునామా మార్పుకు ఫారం 8 ముందే పెట్టించాలి. నోటిఫికేషన్ వచ్చే వారంలో మేలుకుంటే ఆ పేర్లు జాబితాలోకి ఎక్కవు. ఈ పని కుర్రాళ్లకు అప్పగించి ఊరుకోవద్దు. ఒక్కో గల్లీకి ఆ గల్లీలోనే ఉండే ఆడమనిషి ఒకరు తోడుంటే జాబితా సరిగ్గా వస్తుంది, ఎవరు ఎక్కడున్నారో వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

మీ దుకాణం కాగితాలు

ఎదుటివాళ్లు మొదట వెతికేది మీ తప్పుల్నే. నామినేషన్‌కు కనీసం ఆరు నెలల ముందు ఇల్లు, దుకాణం రెండింటి ఆస్తిపన్ను, నల్లా బిల్లు, ట్రేడ్ లైసెన్స్ చూసుకోవాలి. ఆస్తిపన్ను ఆరు నెలలకొకసారి పడుతుంది. ఏడాది మొత్తం ఏప్రిల్‌లోనే కడితే అయిదు శాతం తగ్గింపు ఉంటుంది, ఆలస్యమైతే నెలకు రెండు శాతం వడ్డీ. చాలా దుకాణాల్లో జరిగేదేమిటంటే, కింద దుకాణం, పైన ఇల్లు కట్టి మొత్తానికీ ఇంటి పన్నే కడుతుంటారు. లేదా ఒక అంతస్తు లెక్కకు ఎక్కి, రెండోది ఎక్కదు. ఎన్నికల వేళ ఇది బయటపడితే పన్ను ఎగ్గొట్టినవాడు మనకేం చేస్తాడన్న మాట గల్లీ అంతా పాకుతుంది. స్వయంగా అర్జీ పెట్టుకుని కొలతలు సరిచేయించుకోవడమే మంచిది. బకాయిలు లేవన్న పత్రం తీసుకుని రసీదులతో పాటు ఒక ఫైలులో పెట్టాలి.

రెండోది దుకాణం ముందు జాగా. మోరీ మీద మెట్లు, రేకుల పందిరి, ఫుట్‌పాత్ మీద సిమెంటు దిమ్మె, బయటికి జరిగిన బోర్డు. మీ డివిజన్ మోరీల గురించి మాట్లాడబోయే మీరు మీ మెట్లు మీరే తీయించాలి. మోరీ మీద పూర్తిగా కాంక్రీటు పోసి ఉంటే, దాన్ని కోసి చేత్తో ఎత్తగలిగే పలకలు వేయించండి. ఒక్కో పలక రెండడుగుల వెడల్పు మించకుండా, ఎత్తడానికి ఇనుప కొక్కేలతో ఉంటే పారిశుధ్య కార్మికులు తీసి పూడిక తీయగలుగుతారు.

మూడోది అన్నింటికంటే ముఖ్యం. కార్పొరేషన్‌తో మీకు నడుస్తున్న కాంట్రాక్టు ఏదైనా ఉంటే అది అనర్హత కిందికి వస్తుంది. టెంట్‌హౌజ్ వాళ్లు బతుకమ్మకు పద్మాక్షి గుట్ట దగ్గర ఏర్పాట్లకో, హార్డ్‌వేర్ వాళ్లు బల్బులు, పైపుల సరఫరాకో ఒప్పందంలో ఉండొచ్చు. మీ పేరు లేకున్నా భాగస్వామ్య సంస్థలో మీకు వాటా ఉంటే ప్రశ్న వస్తుంది. పని పూర్తయి బిల్లు మాత్రమే రావాల్సి ఉన్నా, ఒప్పందం ముగిసిందని కాగితం చేతిలో ఉండాలి. మున్సిపల్ కాంప్లెక్స్‌లో దుకాణం కిరాయికి ఉన్నవాళ్లు లీజు పత్రం, కిరాయి రసీదులు ఎన్నికల చట్టం తెలిసిన వకీలుకు చూపించి, ఆయన అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోవాలి. నామినేషన్ల పరిశీలన (స్క్రూటినీ) రోజు రిటర్నింగ్ అధికారి (ఆర్వో) ముందు నోటిమాట చెల్లదు.

ఇక అఫిడవిట్. ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు అన్నీ అందులో రాయాలి. వ్యాపారులు ఇబ్బంది పడేది అప్పుల దగ్గర, చిట్టీల దగ్గర. ఐటీ రిటర్నులో చూపిన ఆదాయానికీ, అఫిడవిట్‌లో రాసిన స్థలాలకూ పొంతన లేకపోతే అడిగేవాళ్లు అడుగుతారు. భార్య పేరు మీది బంగారం, ప్లాట్లు కూడా రాయాలి. చిన్న చెక్ బౌన్స్ కేసు అయినా సరే దాచొద్దు. దాచిన కేసే తర్వాత కోర్టుకు తీసుకెళుతుంది.

నామినేషన్ వారం

అభ్యర్థికి 21 ఏళ్లు నిండాలి, కార్పొరేషన్ పరిధిలో ఏ డివిజన్‌లోనైనా ఓటు ఉంటే చాలు. ప్రతిపాదించే మనిషి మాత్రం మీరు నిలబడే డివిజన్ ఓటరే కావాలి. ఇక్కడ తప్పులు చాలా జరుగుతాయి. పక్క వీధిలో ఉండే చిన్ననాటి స్నేహితుడితో సంతకం పెట్టిస్తారు, ఆయన ఓటు చూస్తే పక్క డివిజన్‌లో ఉంటుంది. ప్రతిపాదకుడి పేరు, కేంద్రం నంబరు, క్రమసంఖ్య తాజా జాబితాలో చూసి రాయాలి, పాత జాబితా నంబర్లు పనికిరావు. రెండు మూడు సెట్లు వేర్వేరు ప్రతిపాదకులతో వేయడం తెలివైన పని. రిజర్వుడు డివిజన్ అయితే కుల ధ్రువపత్రం తహసీల్దార్ ఇచ్చినది ముందే చేతిలో ఉండాలి.

పార్టీ టికెట్ సంగతి వేరే కథ. మున్సిపల్ ఎన్నికల్లో బీ-ఫారం, అంటే ఈయనే మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే కాగితం, నామినేషన్ల ఉపసంహరణ చివరి రోజు మధ్యాహ్నం మూడింటి లోపు ఇస్తే చెల్లుతుంది. అందుకే ఒకే పార్టీ నుంచి నలుగురైదుగురు నామినేషన్లు వేసి చివరి గంట దాకా ఎదురు చూస్తారు. బీ-ఫారం రాకపోతే స్వతంత్ర అభ్యర్థిగా ఉంటారా, విరమించుకుంటారా అన్నది ఆ మధ్యాహ్నం ఆలోచించాల్సిన విషయం కాదు. ముందు రాత్రే ఇంట్లో, దగ్గరివాళ్లతో కూర్చుని తేల్చుకోవాలి. కోపంలో నిలబడి అప్పుల పాలైన దుకాణాలు ఉన్నాయి.

సీట్లలో సగం మహిళలవే కాబట్టి మీ డివిజన్ మహిళకు రిజర్వ్ కావొచ్చు. అప్పుడు చాలామంది ఇంట్లో ఆడవాళ్లను నిలబెట్టి, గెలిచాక తామే ఆఫీసులో కూర్చుంటారు. ఇది మంచి పద్ధతి కాదని గట్టిగా చెప్పాలి. వరంగల్ గల్లీల్లో దుకాణం గల్లా మీద కూర్చునే ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. లెక్కలు చూసేది, ఉద్దెర వసూలు చేసేది వాళ్లే. వాళ్లకు ఫైలు చదవడం నేర్పితే మనకంటే బాగా అడుగుతారు. సమావేశంలో మాట్లాడాల్సింది ఆమే, సంతకం పెట్టే ముందు చదవాల్సింది ఆమే.

కోడ్ ఉన్నప్పుడు దుకాణం నడపడం

దీని గురించి ఎవరూ చెప్పరు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా. ఎన్నికల కోడ్ వచ్చాక అభ్యర్థి దుకాణంలో జరిగే ప్రతి మామూలు పని అనుమానంగా కనిపిస్తుంది. ఉద్దెర మాఫీ చేస్తే అది ఓటరుకు లంచమే. ఆ రోజుల్లో కొత్తగా ఆఫర్ బోర్డు పెట్టినా, టోకెన్ల మీద సరుకు ఇచ్చినా అంతే. పాత బాకీ వసూలు కూడా ఆ మూడు వారాలు మెల్లగా చేయండి, ఓటు కోసం బెదిరించారన్న మాట వస్తుంది. రోజు అమ్మకం పైసలు బ్యాంకుకు తీసుకెళ్తుంటే తనిఖీలో ఆపుతారు. యాభై వేలు దాటిన నగదుకు ఆధారం చూపకపోతే స్వాధీనం చేసుకుంటారు. బిల్లు పుస్తకం, ఆ రోజు అమ్మకాల ప్రింటు, బ్యాంకు స్లిప్పు జేబులో ఉండాలి. వీలైతే ఆ నెల గల్లా బాధ్యత మరొకరికి అప్పగించండి.

ప్రచార ఖర్చును దుకాణం ఖర్చుతో కలపొద్దు. వేరే రిజిస్టరు, ప్రతి ఖర్చుకూ వోచరు. ఆటోకు మైకు, ఫ్లెక్సీలు, కరపత్రాలు, టీ, భోజనాలు అన్నీ రేట్లతో సహా. మీ సొంత టెంట్‌హౌజ్ కుర్చీలు వాడుకున్నా వాటికి మార్కెట్ కిరాయి వేసి రాయాలి, సొంతం కదా అని వదిలేస్తే ఎన్నికల ఖర్చుల పరిశీలకుడి రిజిస్టరులో ఉన్న అంకె మీ రిజిస్టరులో ఉండదు. ఫలితం వచ్చిన 45 రోజుల్లో ఖర్చుల లెక్క ఇవ్వాలి. ఓడిపోయినవాళ్లు దీన్ని పట్టించుకోరు. లెక్క ఇవ్వనందుకు అనర్హత వేటు పడి, తర్వాతి ఎన్నికలకు నామినేషన్ వేసే హక్కే పోతుంది.

గెలిచాక: కార్పొరేటర్ చేతిలో ఏముంది

నేరుగా ఖర్చు పెట్టే అధికారం మీకు ఉండదు. మేయర్‌ను ఎన్నుకునేది కార్పొరేటర్లు, ఎక్స్ అఫీషియో సభ్యులు (ఎమ్మెల్యే, ఎంపీల్లాంటి పదవి వల్ల సభ్యులైనవాళ్లు). పార్టీ విప్ (ఎవరికి ఓటెయ్యాలన్న ఆదేశం) ఉంటే చేయి ఎవరి వైపు ఎత్తాలో ముందే తేలిపోతుంది. తర్వాత అయిదేళ్లూ మీ పని ప్రధానంగా మూడు చోట్ల: సర్వసభ్య సమావేశం, ఇంజినీరింగ్ విభాగం, పొద్దున అయిదున్నరకు పారిశుధ్య కార్మికుల హాజరు వేసే చోటు.

ఒక సిమెంటు రోడ్డు కథ చూస్తే మిగతావన్నీ అర్థమవుతాయి. ముందు అసిస్టెంట్ ఇంజినీరుకు (ఏఈ) స్థలం చూపించి అంచనా తయారు చేయించాలి. అది డిప్యూటీ ఇంజినీరు (డీఈ), ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు (ఈఈ) మీదుగా పైకి వెళ్తుంది. పరిపాలనా మంజూరు, తర్వాత సాంకేతిక మంజూరు, టెండరు, ఒప్పందం, పని, కొలతల పుస్తకంలో నమోదు, నాణ్యత పరీక్ష, బిల్లు. ఇందులో ఎక్కువగా ఆగేది రెండు చోట్ల. ఏ నిధి నుంచి అన్నది తేలక మంజూరు దగ్గర ఒకసారి. పాత బిల్లులు రాక కాంట్రాక్టర్లు టెండరుకే ముందుకు రానప్పుడు మరోసారి. మీరు వారానికోసారి అడగాల్సిన ప్రశ్న రోడ్డు ఎప్పుడు వేస్తారు అన్నది కాదు, ఫైలు ఇప్పుడు ఎవరి టేబుల్ మీద ఉంది, ఏ కాగితం కోసం ఆగింది అన్నది. ఫైలు నంబరు మీ నోటుబుక్కులో ఉంటే జవాబు వస్తుంది, లేకపోతే చూస్తున్నామన్న మాట తప్ప ఏమీ రాదు.

ఇప్పుడు గల్లీలోకి వద్దాం. 100 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందంతో రోడ్డు అంటే 60 ఘనపు మీటర్ల కాంక్రీటు. రెడీమిక్స్ లారీ ఒకటి సుమారు 6 ఘనపు మీటర్లు తెస్తుంది. అంటే పది లారీలు రావాలి. ఏడు లారీలతో రోడ్డు పూర్తయిందంటే మందం ఎక్కడ తగ్గిందో వెతకాల్సిందే. అక్కడే కలిపి పోసే ఎం20 రకం కాంక్రీటు అయితే ఘనపు మీటరుకు సుమారు ఎనిమిది బస్తాల సిమెంటు, మొత్తం 480 బస్తాలు. సరుకు దింపించుకుని బస్తాలు లెక్కపెట్టడం అలవాటైన వ్యాపారికి ఈ లెక్క కష్టమేమీ కాదు, ఇంజినీరు చదువు అక్కర్లేదు. పోసే రోజు చూడాల్సినవి: కింద నేలను రోలరుతో దట్టించారా, అంచున పెట్టిన చెక్కల ఎత్తు టేపుతో కొలిస్తే 15 సెంటీమీటర్లు వస్తుందా, లారీ దగ్గర పలుచగా జారడానికి నీళ్లు కలుపుతున్నారా. ఆ నీళ్లే రోడ్డు బలాన్ని తినేస్తాయి, ఏడాదికే పైపొర పొడి లేస్తుంది. నడిమధ్య నుంచి అంచుకు 4 సెంటీమీటర్ల వాలు ఉండాలి. నాలుగు, నాలుగున్నర మీటర్లకొక కోత మరుసటి రోజు లోపే మిషన్‌తో వేయాలి, మందంలో మూడో వంతు లోతు. ఆలస్యమైతే రోడ్డు తనకు నచ్చిన చోట పగులుతుంది. అదే కాంక్రీటుతో 15 సెంటీమీటర్ల ఘనాలు (దిమ్మెలు) అచ్చు పోసి, ఏడో రోజు, 28వ రోజు బలం పరీక్ష చేయించి ఆ కాగితం అడిగి తీసుకోవాలి. కనీసం 14 రోజులు నీళ్లు నిలపాలి. ఎండాకాలంలో తడి గోనె సంచులు కప్పితే తప్ప మన వరంగల్ వేడికి నీళ్లు మధ్యాహ్నానికే ఆరిపోతాయి.

అంతకంటే ముందు చేయాల్సినది ఒకటుంది. రోడ్డు పోయకముందే ఆ గల్లీలో నల్లా కనెక్షన్ లేని ఇళ్లు, పాత పైపు లీకులు, కేబుళ్లు అన్నీ తేల్చాలి. పోసిన మూడు నెలలకు ఎవరో నల్లా కోసం కోస్తే ఆ కోత ఎప్పటికీ అతకదు. ఇంకో సంగతి: పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది పోస్తే ఇళ్ల గడప కంటే రోడ్డు ఎత్తవుతుంది. రెండుసార్లు అట్లా పోసిన గల్లీల్లో వానొస్తే నీళ్లు ఇళ్లల్లోకే వెళ్తాయి. అంచనాలోనే పాత పొర తీసివేత ఉండేట్టు పట్టుబట్టాలి.

హార్డ్‌వేర్ దుకాణం ఉన్న కార్పొరేటర్

సిమెంటు, ఇనుము, పైపులు, రంగులు, ఎలక్ట్రికల్ సామాను అమ్మేవాళ్లు గెలిస్తే ఒక చిక్కు తప్పనిసరిగా ఎదురవుతుంది. డివిజన్‌లో పనిచేసే కాంట్రాక్టరు మీ దుకాణానికి వచ్చి, అన్నా, సిమెంటు నీ దగ్గరే తీసుకుంటా అంటాడు. బేరం న్యాయమైన రేటుకే జరగొచ్చు, బిల్లు కూడా ఉండొచ్చు. కానీ రేపు అతను మందం తగ్గిస్తే మీరు అడగలేరు, ఎందుకంటే మీ బాకీ అతని దగ్గర ఉంటుంది. వచ్చే పైసలు ఆగిపోతాయన్న భయం ఉన్న మనిషి టేపు పట్టుకుని కొలవలేడు. ఒక్కటే దారి: మీ డివిజన్ పనుల కాంట్రాక్టర్లకు అయిదేళ్లు సరుకు అమ్మొద్దు. గిరాకీ కొంత తగ్గుతుంది, దానికి సిద్ధపడే నిలబడాలి. మీ తమ్ముడి పేరు మీద పక్కన ఇంకో షటరు తెరిచి అక్కడి నుంచి అమ్మితే ఊరంతా నెలలోనే పసిగడుతుంది.

ఇల్లు కట్టుకునేవాళ్ల విషయమూ అంతే. ఇంటి అనుమతులు ఆన్‌లైన్‌లో ఇచ్చే విధానం టీఎస్‌బీపాస్ 2020 నవంబరులో వచ్చాక 75 గజాల లోపు స్థలంలో ఇంటికి అనుమతి అవసరం లేదు, రూపాయితో నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల లోపు, పది మీటర్ల ఎత్తు దాకా స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. అంతకంటే పెద్దవాటికి 21 రోజుల గడువు ఉంది. ఈ సంగతి గల్లీవాళ్లకు చెప్పి, మీసేవలో అర్జీ ఎట్లా పెట్టాలో చూపించడం కార్పొరేటర్ పని. పునాది తవ్వుతున్న ఇంటి ముందు మనుషుల్ని నిలబెట్టడం, సరుకు మా దుకాణంలోనే కొనమని చెప్పించడం ఎంత ఘోరమో వేరే చెప్పనక్కర్లేదు.

దుకాణం ఎవరు చూసుకుంటారన్నది కూడా ముందే తేల్చాలి. పొద్దున పారిశుధ్యం, పదింటికి ఆఫీసు, సాయంత్రం చావులు, పెళ్లిళ్లు, పంచాయితీలు. గౌరవ వేతనం చిన్నది, ఇల్లు దాంతో నడవదు. అర్జీలతో వచ్చేవాళ్లు దుకాణం ముందు నిలబడితే గిరాకీ లోపలికి రాదు. దుకాణానికి దూరంగా చిన్న గది, రోజూ ఒకే సమయం, వచ్చిన అర్జీలకు వరుస నంబర్లు వేసిన రిజిస్టరు పెట్టుకోండి. ఉద్దెర ఖాతా రాసినంత శ్రద్ధగా ఈ రిజిస్టరు రాస్తే రెండో ఎన్నికలకు వేరే ప్రచారం పెద్దగా అక్కర్లేదు.

వ్యాపారి మనసుకు కష్టంగా ఉండే పనులు

2019 పురపాలక చట్టం ప్రకారం ప్రతి డివిజన్‌లో నాలుగు కమిటీలు ఉండాలి: యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులు. ఒక్కోదాంట్లో 15 మంది. చాలాచోట్ల ఇవి కాగితం మీదే ఉంటాయి. మహిళా కమిటీ నిజంగా కూర్చుంటే చెత్త బండి ఏ గల్లీకి ఎన్ని రోజులుగా రాలేదో, తడి, పొడి చెత్త ఎక్కడ కలిసిపోతోందో అప్పుడే తెలుస్తుంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని, లేదంటే సభ్యుడిదే బాధ్యతని కూడా ఆ చట్టంలోనే ఉంది. నాటేటప్పుడు ఫొటో దిగడం కంటే ఎండాకాలంలో ట్యాంకరు ఏ రోజు ఏ గల్లీకి అన్న పట్టిక ముఖ్యం.

తోపుడు బండ్ల సమస్య మరీ కష్టం. దుకాణదారులు మిమ్మల్ని గెలిపించింది బండ్లు తీయిస్తారనే. 2014 వీధి వ్యాపారుల చట్టం మాత్రం సర్వే చేసి, గుర్తింపు పత్రం ఇచ్చి, స్థలం చూపకుండా బండిని లేపొద్దంటుంది. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. పైగా తమ ముందు ఫుట్‌పాత్‌ను బండివాళ్లకు రోజు కిరాయికి ఇచ్చే దుకాణదారులు ఉన్నారు. ఆ కిరాయి తీసుకోవడం ఆపితే సగం గొడవ తగ్గుతుంది. దీన్ని వ్యాపార సంఘం సమావేశంలో పేరు పెట్టి చెప్పగలిగేది సాటి దుకాణదారే, బయటివాళ్లు చెబితే వినరు.

ఇక నాలాలు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో వరంగల్ మునిగింది. నయీంనగర్ నాలా, బొందివాగు పొంగి హంటర్ రోడ్డు, ఎన్టీఆర్ నగర్ వైపు కాలనీలు నీళ్లలో నిలిచాయి. చెరువుల గొలుసుకట్టు నుంచి వచ్చే నీటికి దారి ఇరుకైతే ఎంత పెద్ద మోటారు పెట్టినా లాభం లేదు. డివిజన్ స్థాయిలో మీరు చేయగలిగింది పూడికతీత మే నెలాఖరుకు పూర్తి చేయించడం. పని కింది నుంచి మొదలుపెట్టాలి, నీళ్లు వెళ్లి కలిసే చోటు నుంచి ఎగువకు. ఎగువన ముందు తీస్తే మట్టంతా కిందికి జారి అక్కడ కూర్చుంటుంది. తీసిన పూడికను ఒడ్డున కుప్ప పోసి వదిలేస్తే మొదటి వానకే అది తిరిగి మోరీలో పడుతుంది. కాస్త నీళ్లు ఓడ్చడానికి ఒకటి రెండు రోజులు ఉంచినా మూడో రోజు ట్రాక్టరు ఎత్తుకుపోవాలి, ట్రిప్పుల లెక్క పారిశుధ్య కార్మికుల పని చూసే జవాన్ దగ్గర ఉండాలి. కొత్త మోరీ కట్టేటప్పుడు 100 మీటర్లకు 30 నుంచి 50 సెంటీమీటర్ల వాలు వస్తుందా అని నీళ్లు పోసి చూశాకే పైపలకలు వేయించాలి. వాలు లేని మోరీలో నీళ్లు నిలిచి దోమలు పెరుగుతాయి, మళ్లీ తవ్వడానికి ఇంకో అంచనా, ఇంకో టెండరు, ఇంకో ఏడాది పడుతుంది.

నాలా మీద కట్టిన గోడ తీయాల్సి వచ్చినప్పుడు అది మీకు ఓట్లేసినవాళ్లదో, మీ కులపోళ్లదో, మీ దుకాణం యజమానిదో అయి ఉండొచ్చు. టౌన్ ప్లానింగ్ వాళ్లు నోటీసు ఇచ్చిన రోజే మీకు ఫోన్లు మొదలవుతాయి. ఆ ఫోన్లకు ఏం చెప్పాలో మీ దగ్గరున్న పటంలోనే ఉంటుంది: సర్వేయరు గీసిన నాలా హద్దు, ఆ గోడ హద్దులో ఎన్ని అడుగులు లోపలికి వచ్చింది. ఆ కొలత గోడ యజమాని ముందే టేపు వేసి చూపించండి, పక్కింటికీ అదే టేపు వేయించండి.